లావెండర్ నుంచి కరివేపాకు దాకా: మంచు కురిసే ఊళ్ళలో పెరటి మొక్కలను చలికాలం దాటించే పద్ధతి

నవంబరు వచ్చిందంటే రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. “లావెండర్ బూడిద రంగుకు తిరిగిపోయింది, చచ్చిపోయిందా?” అన్నది మొదటిది. “ఇంట్లో పెట్టిన కరివేపాకు ఆకులన్నీ రాల్చేస్తోంది, నీళ్ళు సరిపోవడం లేదా?” అన్నది రెండవది. రెండింటి మూలమూ ఒక్కచోటే ఉంది. చలికాలంలో మన మొక్కలను చంపేది చలి కన్నా ఎక్కువగా తడి. పెరట్లో అయితే నీరు ఇంకని మట్టి, ఇంట్లో అయితే మనం ప్రేమతో పోసే చెంబుడు నీళ్ళు ఆ పని చేస్తాయి.

ఈ వ్యాసంలోని తేదీలు నేనుండే మధ్య న్యూజెర్సీకి సరిపోతాయి. షికాగో, డెట్రాయిట్ వైపు ఉన్నవారు రెండు మూడు వారాలు ముందుగా, డాలస్, అట్లాంటా వైపు ఉన్నవారు మూడు నాలుగు వారాలు ఆలస్యంగా చలికాలానికి ముందు చేయవలసిన పనులను ఇదే వరుసలో చేసుకోవచ్చు; వసంతపు పనులకు ఈ లెక్క తిరగబడుతుంది. ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లోనే ఇస్తున్నాను. 32 డిగ్రీలంటే నీరు గడ్డకట్టే స్థితి, 50 డిగ్రీలంటే 10 సెల్సియస్ అని గుర్తుంచుకుంటే చాలు.

1. ముందుగా మీ జోన్, మీ తేదీలు తెలుసుకోండి

యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) జోన్ పటంలో మీ జిప్ కోడ్ ఇస్తే మీ జోన్ ఏదో తెలుస్తుంది. ఈ పటాన్ని 2023 నవంబరులో సవరించారు గనుక, పాత పటం చూసి గుర్తుపెట్టుకున్నవారు మరోసారి చూసుకోవడం మంచిది. జోన్ సంఖ్య చెప్పేది ఒక్కటే: మీ ఊరిలో ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు. 7ఎ జోన్ అంటే ఆ సగటు 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటుందని, 6బి అంటే సున్నాకు 5 డిగ్రీల దిగువ నుంచి సున్నా దాకా ఉంటుందని అర్థం.

ఇది సగటే తప్ప హామీ కాదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సున్నాకు 2 డిగ్రీల దిగువకు పడిపోయింది. ఎనిమిదో జోన్‌లో ఉన్నామన్న ధీమాతో మందారాలను, నిమ్మ చెట్లను బయటే వదిలేసినవారికి ఆ ఒక్క వారమే సరిపోయింది.

జోన్‌తో పాటు మూడు తేదీలు రాసి పెట్టుకోవాలి. మొదటిది తొలి ఫ్రాస్ట్ పడే రోజు, అంటే తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లని మంచు పొర కనిపించే రోజు. మా వైపు అది సాధారణంగా అక్టోబరు రెండవ సగంలో వస్తుంది. రెండవది నేల పైపొర గడ్డకట్టే సమయం, అంటే దాదాపు డిసెంబరు రెండవ సగం. మూడవది చివరి ఫ్రాస్ట్. అది ఏప్రిల్ చివరి నుంచి మే రెండవ వారం వరకు ఎప్పుడైనా రావచ్చు.

మన లెక్కలో చెప్పుకోవాలంటే, దసరా రోజులలో కుండీలు లోపలికి రావాలి, దీపావళి నాటికి బయటి పనులు ఓ కొలిక్కి రావాలి, ఉగాది వచ్చింది కదా అని తొందరపడి ఏ కుండీనీ బయట పెట్టకూడదు.

2. మొక్కలను మూడు గుంపులుగా విడదీయండి

సెప్టెంబరు మొదట్లో ఒక కాగితం తీసుకుని పెరట్లో ఉన్న ప్రతి మొక్క పేరూ రాసి, దాని పక్కన “బయట”, “గరాజ్”, “ఇల్లు” అన్న మూడింటిలో ఒకటి రాయండి. ఈ పని చేయకపోతే మొదటి ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన రాత్రి పది గంటలకు టార్చిలైటు పట్టుకుని పరుగులు పెట్టవలసి వస్తుంది.

బయట ఉండేవి: నేలలో నాటిన ఇంగ్లీష్ లావెండర్, గులాబీలు, హైడ్రేంజియా, రోజ్ ఆఫ్ షారన్.

గరాజ్‌లో నిద్రపోయేవి: కుండీలోని అంజీర, కుండీలోని లావెండర్, తవ్వి తీసిన డాలియా, మెట్టతామర దుంపలు.

ఇంట్లోకి రావలసినవి: కరివేపాకు, మల్లె, మందారం, తులసి, కుండీలోని నిమ్మ.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అన్ని మొక్కలకూ వెచ్చదనమే మేలని అనుకోవడం. లావెండర్‌ను తెచ్చి హాల్లో హీటర్ పక్కన పెడితే అది సన్నగా, పొడుగ్గా సాగి నీరసించిపోతుంది. ఇంగ్లీష్ లావెండర్‌కు చలి తగిలితేనే మరుసటి వేసవిలో పూత బాగా వస్తుంది.

3. లావెండర్

3.1 మీ దగ్గరున్నది ఏ రకమో గుర్తుపట్టండి

దుకాణాల్లో అన్నింటికీ “లావెండర్” అన్న ఒకే చీటీ తగిలించి అమ్ముతుంటారు. చలిని తట్టుకునే శక్తిలో మాత్రం వాటి మధ్య చాలా తేడా ఉంది.

ఇంగ్లీష్ లావెండర్ పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. దీని పూకాడకు కొమ్మలుండవు, ఆకు సన్నగా, బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. హిడ్‌కోట్, మన్‌స్టెడ్ ఈ జాతివే. ఇవి 5వ జోన్ దాకా నేలలోనే చలికాలం గడుపుతాయి.

లావెండిన్ అనే సంకర జాతి మొక్కలు రెండు మూడు అడుగులు పెరిగి, కొన్ని వారాలు ఆలస్యంగా పూస్తాయి. గ్రోసో, ఫినామినల్ అన్న పేర్లతో దొరికేవి ఇవే. ఇవి కూడా మా వైపు బయట ఉండగలవు.

పూకంకి చిన్న అనాసపండులా ఉండి, దాని తల మీద కుందేలు చెవుల లాంటి రేకులు నిలబడి ఉంటే అది స్పానిష్ లావెండర్. ఆకు అంచున రంపపు పళ్ళు కనిపిస్తే అది ఫ్రెంచ్ లావెండర్. ఈ రెండింటినీ 7వ జోన్‌లో బయట వదిలితే తిరిగి చూస్తామన్న ఆశ పెట్టుకోకూడదు. కుండీలో పెంచి లోపలికి తెచ్చుకోవలసిందే.

3.2 ఆగస్టులో కత్తిరింపు

చలికాలపు సంరక్షణ నిజానికి ఆగస్టులోనే మొదలవుతుంది. పూలు వాడిన తరువాత కాడలతో పాటు ఆకులున్న పైభాగాన్ని సుమారు మూడో వంతు కత్తిరించి, మొక్కను గుండ్రని గుట్టలా తీర్చిదిద్దాలి. అలా చేస్తే తడి మంచు బరువుకు మొక్క నడిమికి చీలిపోకుండా ఉంటుంది.

కత్తెర ఎప్పుడూ ఆకుపచ్చ ఉన్నచోటే ఆగిపోవాలి. ఆకులు లేని ముదురు కర్రలోకి కోస్తే ఆ కొమ్మ మళ్ళీ చిగురించడం చాలా అరుదు.

ఆగస్టు చివరి వారం దాటితే ఇక కత్తెర ముట్టకూడదు. ఆ తరువాత కోసినచోట లేత చిగుళ్ళు వస్తాయి, అవి ముదరకముందే ఫ్రాస్ట్ పడి మాడిపోతాయి. ఎరువు కూడా ఆగస్టుతోనే ఆపేయాలి.

3.3 నీరు నిలవని చోటు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నేను నాటిన మొదటి లావెండర్ రెండో చలికాలం దాటలేదు. ఇంటి కప్పు మీది నీళ్ళు దిగే గొట్టానికి నాలుగడుగుల దూరంలో నాటాను, పైగా చలికి వెచ్చగా ఉంటుందని మొదలు చుట్టూ చెక్కపొట్టు నిండుగా వేశాను. ఏప్రిల్‌లో పట్టుకుని కొంచెం లాగితే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు నానిన టీపొడి రంగులో ఉన్నాయి, వేలితో నలిపితే పై తొక్క జారిపోయింది. అదే వరుసలో, వాకిలి అంచున గులకరాళ్ళ మధ్య పొరుగువారు నాటిన మొక్క, ఒక్కరోజు కూడా కప్పకుండానే జూన్‌లో నిండుగా పూసింది.

మీ మట్టి సంగతి తెలుసుకోవడానికి అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళతో నింపండి. ఆ నీళ్ళు ఇంకిన తరువాత మళ్ళీ నింపి, గంటకు ఎంత దిగుతోందో కొలవండి. గంటకు ఒక అంగుళం కూడా దిగకపోతే అది లావెండర్‌కు పనికిరాని చోటు.

అటువంటి చోట ఇప్పటికే మొక్క ఉంటే అక్టోబరులో పెకలించి మార్చకండి. కొత్తచోట వేరు పట్టేలోగానే చలి వచ్చేస్తుంది. ఈ ఏటికి మొదలు చుట్టూ నీరు పల్లానికి పోయేలా చిన్న కాలువ తీసి, పాదు ఆకారంలో గుంట ఉంటే దానిని చదును చేసి, మే నెలలో ఎత్తైన మట్టికట్ట మీదికి మార్చండి. పాదు చేసి నీళ్ళు పోయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, లావెండర్‌కు మాత్రం అది గొయ్యి తవ్వినట్టే.

3.4 కప్పవలసినది, కప్పకూడనిది

మొదలు చుట్టూ రాలిన ఆకులనూ పాత చెక్కపొట్టునూ తీసేసి, వాటి స్థానంలో రెండు అంగుళాల మందాన సన్న గులకరాళ్ళు పరవాలి. కాండానికి ఒక అంగుళం ఖాళీ వదలాలి. రాళ్ళు తడిని పట్టి ఉంచవు, ఎండపూట వేడెక్కి చుట్టూ ఉన్న మట్టిని ఆరబెడతాయి.

7వ జోన్‌లో, గాలి నేరుగా తగలని చోట ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. 5, 6 జోన్లలోనూ, ఎదురుగాలి కొట్టే చోట్లనూ నేల గడ్డకట్టిన తరువాత పైన్ కొమ్మలను మొక్క మీద వదులుగా పేర్చాలి. దీనికి ఖర్చు పెట్టనక్కర్లేదు. కొత్త సంవత్సరం దాటగానే వీధి చివర పారేసిన క్రిస్మస్ చెట్లు కావలసినన్ని ఉంటాయి. కొమ్మలు గాలి విసురును ఆపుతాయి, లోపలి తడిని బయటికి పోనిస్తాయి.

ప్లాస్టిక్ షీటు మాత్రం ఎన్నడూ కప్పవద్దు. ఎండ వచ్చిన రోజు లోపల ఆవిరి పట్టి మొక్క ఉడికిపోతుంది, ఆ రాత్రే అదే ఆవిరి గడ్డకడుతుంది.

మంచు పడితే భయపడనక్కర్లేదు, అది దుప్పటి వంటిది. బరువైన తడి మంచుకు కొమ్మలు విచ్చుకుపోతుంటే చేత్తో కింది నుంచి పైకి మెల్లగా విదిలించండి. కొమ్మలకు గాజులా పేరుకున్న ఐసును మాత్రం ముట్టుకోకూడదు, కొమ్మ దానితో పాటే విరిగిపోతుంది.

3.5 కుండీలో ఉన్న లావెండర్

నేలలో ఉన్న వేళ్ళకు చుట్టూ ఉన్న మట్టి కాపలా కాస్తుంది. కుండీలో ఆ కాపలా ఉండదు గనుక, మీ జోన్ కన్నా రెండు జోన్ల ఎక్కువ చలిని తట్టుకునే మొక్క అయితేనే బయట వదలాలన్నది తోటమాలుల లెక్క. 7వ జోన్‌లో ఇంగ్లీష్ లావెండర్ దీని ప్రకారం ఉండగలదు గానీ, వాన నేరుగా పడకుండా చూరు కింద, దక్షిణపు గోడకు ఆనించి పెట్టాలి. కింద పళ్ళెం తీసేసి, రెండు ఇటుకల మీద కుండీని నిలపాలి.

కాల్చిన మట్టి కుండీలు తడి పీల్చుకుని గడ్డకట్టినప్పుడు పగులుతాయి. అటువంటి కుండీ అయితే గరాజ్‌లోకి తేవడమే మేలు. 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండే, కిటికీ ఉన్న గరాజ్ దీనికి సరిగ్గా సరిపోతుంది. అక్కడ మూడు నాలుగు వారాలకు ఒకసారి, మట్టి అడుగు దాకా ఆరిందని తేల్చుకున్నాకే, ఒక గ్లాసుడు నీళ్ళు పోస్తే చాలు. ఆరిందో లేదో కుండీని ఎత్తి చూస్తే తెలుస్తుంది. పైమట్టిని చూసి నిర్ణయించకూడదు.

3.6 వసంతంలో ఓపిక

మార్చిలో లావెండర్ చచ్చిన మొక్కలాగే కనిపిస్తుంది. పీకేయకండి. గోటితో కొమ్మ మీద బెరడును చిన్నగా గీకి చూడండి: లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వెళ్ళి మళ్ళీ గీకండి. మే నెల మధ్య వరకు ఎక్కడా పచ్చదనం కనిపించకపోతేనే ఆశ వదులుకోవాలి.

మొదళ్ళ దగ్గర ఆవగింజంత చిగుళ్ళు కనిపించాక, ఎండిన కొనలను ఆ చిగుళ్ళకు రెండు అంగుళాల పైదాకా కత్తిరించండి. చలికి నేల ఉబ్బి వేరుమట్టి పైకి తేలి ఉంటే, నేల మెత్తబడిన రోజు అరచేత్తో నొక్కి చుట్టూ మట్టి సర్దండి.

లావెండర్ తనిఖీ పట్టీ:
☐ ఆగస్టు చివరిలోగా మూడో వంతు కత్తిరింపు
☐ ఆగస్టు తరువాత ఎరువు లేదు
☐ మొదలు చుట్టూ ఆకులు, చెక్కపొట్టు లేవు
☐ రెండు అంగుళాల గులకరాళ్ళు, కాండానికి అంగుళం ఎడం
☐ ఇంటి కప్పు మీది నీళ్ళు, స్ప్రింక్లర్ నీళ్ళు అటు రావడం లేదు
☐ పైన్ కొమ్మలు నేల గడ్డకట్టిన తరువాతే

హైదరాబాద్, విజయవాడల నుంచి అడిగేవారికి ఒక్క మాట: అక్కడ లావెండర్‌కు గండం చలికాలంలో ఉండదు, అది ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఉంటుంది. మీకు చలికాలమే దానికి పెరిగే కాలం.

4. బయటే ఉండే మిగతా మొక్కలు

గులాబీలు: అంటు కట్టిన గులాబీలకు ప్రాణం అంటు ఉన్నచోటే ఉంటుంది. రెండు మూడు గట్టి చలిరాత్రులు గడిచాక, నవంబరు చివరలో, వేరేచోటి నుంచి తెచ్చిన మట్టి లేదా కంపోస్టును ఆ అంటు మీద 8 నుంచి 12 అంగుళాల ఎత్తున గుట్టగా పోయాలి. మొక్క మొదట్లోని మట్టినే లాగి గుట్ట చేస్తే వేళ్ళు బయటపడతాయి. పెద్ద కత్తిరింపు ఇప్పుడు వద్దు. వసంతం మొదట్లో, వీధుల్లో ఫోర్సితియా పొదలు పసుపుపచ్చగా పూసినప్పుడు చేయాలి.

హైడ్రేంజియా: పెద్ద ఆకుల రకం వచ్చే ఏటి మొగ్గలను ఈ ఏటి కొమ్మల మీదే దాచుకుంటుంది. శుభ్రంగా ఉంటుందని అక్టోబరులో కోసేసి, “ఆకులే తప్ప పూలు రావడం లేదు” అని జూన్‌లో బాధపడేవారు మా వీధిలోనే ముగ్గురున్నారు.

నేలలో నాటిన అంజీర: న్యూజెర్సీలోని ఇటాలియన్ కుటుంబాల పద్ధతి చూసి నేర్చుకోవలసినదే. ఆకులు రాలాక కొమ్మలను దగ్గరికి తాళ్ళతో కట్టి, గోనెపట్టా చుట్టి, మధ్యలో ఎండు ఆకులు దట్టించి, పైన నీరు దిగకుండా ఒక బకెట్టు బోర్లిస్తారు.

సతతహరిత పొదలు: బాక్స్‌వుడ్, హాలీ, ఆర్బర్‌వైటీ వంటివి చలికాలంలోనూ ఆకుల నుంచి నీరు పోగొట్టుకుంటాయి. శరత్కాలంలో వానలు తక్కువైతే, నేల గడ్డకట్టేదాకా వారానికొకసారి లోతుగా నీళ్ళు పెట్టాలి. లావెండర్‌కు చెప్పింది వీటికి వర్తించదు.

ఇక రెండు చిన్న పనులు. బయటి కుళాయికి తగిలించిన గొట్టం విప్పి, ఇంటి లోపలి వాల్వు మూసి, బయటి కుళాయి తెరిచి వదిలేయాలి. డ్రైవ్‌వే మీద చల్లే రాతి ఉప్పు అంచున ఉన్న మొక్కలను మాడ్చేస్తుంది. అక్కడ ఇసుక వాడుకోవచ్చు.

5. ఇంట్లోకి రావలసిన మన మొక్కలు

5.1 ఎప్పుడు తేవాలి

రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు దిగే వారమే గడువు. ఫ్రాస్ట్ పడేదాకా ఆగితే కరివేపాకుకు అప్పటికే దెబ్బ తగిలి ఉంటుంది. పైగా ఆ సమయానికి ఇంట్లో హీటర్ మొదలవుతుంది. బయటి చల్లని తేమ గాలి నుంచి ఒక్కసారిగా వేడి పొడిగాలిలోకి వచ్చిన మొక్క ఆకులు దులిపేస్తుంది.

5.2 తెచ్చే ముందు చేయవలసినవి, ఇదే వరుసలో

మొదట, పది రోజుల ముందు కుండీలను ఎండ నుంచి నీడకు మార్చండి. లోపలి వెలుతురు ఎంత తక్కువగా ఉంటుందో మొక్కకు ముందే కొంత అలవాటవుతుంది.

రెండవది, ఆకుల అడుగుభాగాన్ని గొట్టపు నీళ్ళతో గట్టిగా కడగండి. పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి అక్కడే దాక్కుంటాయి.

మూడవది, పురుగుమందు సబ్బు ద్రావణం గానీ, వేపనూనె ద్రావణం గానీ డబ్బా మీద రాసిన మోతాదులో సాయంత్రం పూట పిచికారీ చేసి, వారం తరువాత మళ్ళీ చేయండి. కరివేపాకు కాండానికి అంటుకుని గోధుమ రంగు పొక్కుల్లా కనిపించేవి పొలుసు పురుగులు. వాటిని రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటే తుడిచేయాలి.

నాలుగవది, మందారాన్ని మూడో వంతు తగ్గించండి. మల్లెకు ఎండు పుల్లలు మాత్రం తీస్తే చాలు, అసలు కత్తిరింపు ఫిబ్రవరిలో. కరివేపాకును ఇప్పుడు కోయవద్దు.

ఐదవది, కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని చూసి, కుండీ బయటి వైపు తుడిచి, అప్పుడు లోపలికి తెండి. కుండీ మార్చే పని వసంతానికి వాయిదా వేయండి.

5.3 వెలుతురు, చోటు

దక్షిణపు కిటికీ మంచిదే గానీ, డిసెంబరు ఎండ ఒక్కటే చాలదు. ఆకులకు అడుగు దూరంలో ఎల్‌ఈడీ గ్రో లైటు పెట్టి, టైమరుతో రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించాలి. హీటర్ గాలి వచ్చే జాలీకి ఎదురుగా కుండీ పెట్టకూడదు. టైల్స్ నేల మీద నేరుగా కూడా వద్దు. అడుగున చల్లదనం, పైన తడి కలిస్తే వేరు కుళ్ళు ఖాయం. చిన్న స్టూలు వేస్తే ఆ బెడద ఉండదు.

5.4 కరివేపాకు

ఇంట్లో 65 డిగ్రీలున్నా, పగటి వెలుతురు తగ్గేసరికి కరివేపాకు పెరగడం ఆపి నిద్రలోకి జారుకుంటుంది. ఆకులు పసుపుబారి రాలతాయి. సరిగ్గా ఇక్కడే మనం నీళ్ళ చెంబు ఎత్తుకుంటాం. నేనూ ఎత్తుకున్నాను. రెండో ఏడు డిసెంబరులో వంటింటి కిటికీ దగ్గరున్న మొక్క ఆకు రాల్చినకొద్దీ నీళ్ళు పోశాను. జనవరి మధ్యకు కుండీ దగ్గర పులిసిన పిండి వాసన వచ్చింది. అప్పుడు వేలు పెట్టి చూస్తే పైన పొడిగా ఉన్న మట్టి, రెండు అంగుళాల కింద బురదగా ఉంది.

ఆకు లేని మొక్క నీరు తాగదు. అందుకే ఆకులు ఎంత తక్కువ ఉంటే నీళ్ళు అంత తక్కువ పోయాలి. రెండు అంగుళాల లోతున మట్టి పొడిగా తగిలితేనే పోయండి; అది పది రోజులకు ఒకసారి కావచ్చు, ఇరవై రోజులకు ఒకసారి కావచ్చు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, పళ్ళెంలోకి దిగినవి అరగంటలో పారబోయాలి.

పుల్లని మజ్జిగ పోసే అలవాటు ఉన్నవారు దానిని మే వరకు ఆపుకోండి. మూసిన ఇంట్లో వాసనకు తోడు, మట్టిలో పుట్టే చిన్న నల్ల దోమలకు అది విందుభోజనం అవుతుంది. ఎరువు కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వద్దు.

పూర్తిగా మోడైపోయినా పారేయకండి. గోటి పరీక్షలో పచ్చగా ఉంటే మార్చిలో చిగురిస్తుంది, అప్పుడు కొనలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

కొత్త మొక్క కావాలంటే మీ రాష్ట్రంలోని నర్సరీలోనే కొనుక్కోండి. నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులును మోసుకొచ్చే సిల్లా పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల నుంచి ఈ మొక్కను తరలించడంపై ఆంక్షలున్నాయి.

5.5 మల్లె, మందారం

మల్లెకు ఇంట్లో అన్నింటికన్నా చల్లని, వెలుతురున్న గది ఇవ్వండి; 50 నుంచి 60 డిగ్రీల మధ్య విశ్రాంతి దొరికితే వేసవిలో బాగా పూస్తుంది. ఫిబ్రవరి చివర కొమ్మలను మూడో వంతు కోసి, మిగిలిన ఆకులలో పాతవి దూసేయాలి. మొగ్గ వచ్చేది కొత్త చిగురు మీదే గనుక ఈ కోతకు వెనకాడకూడదు. ఎర్రనల్లి పట్టినట్టు అనుమానం వస్తే ఆకు కింద తెల్ల కాగితం పట్టుకుని తట్టండి. రాలిన చుక్కలు నడిస్తే అవి నల్లులే. వారానికోసారి షవర్ కింద కడిగితే అదుపులో ఉంటాయి.

మందారం ఇంట్లో కూడా కొంచెం పెరుగుతూనే ఉంటుంది గనుక, కరివేపాకు కన్నా కాస్త ఎక్కువ నీళ్ళు అడుగుతుంది. మొదటి నెలలో పసుపు ఆకులు రాలడం మామూలే.

5.6 తులసి

తులసి విషయంలో నిజం చెప్పుకోవడం మంచిది: ఈ చలిలో, ఈ వెలుతురులో పాత తులసిని నిలబెట్టడం కష్టం. సెప్టెంబరులోనే ఎండిన కంకులను అరచేతుల మధ్య నలిపి, ఊదితే పొట్టు పోయి గింజలు మిగులుతాయి. వాటిని కాగితపు పొట్లంలో కట్టి తేదీ రాసి పెట్టండి. ఒక చిన్న లేత మొక్కను గ్రో లైటు కింద ఉంచుకుంటే క్షీరాబ్ది ద్వాదశి పూజకు ఇబ్బంది ఉండదు. ముదురు మొక్క ఆ తరువాత పోయినా, మార్చిలో గింజలు చల్లుకోవచ్చు. 70 డిగ్రీల వెచ్చదనం ఉంటే రెండు వారాల లోపే మొలకలు కనిపిస్తాయి.

6. దుంపలు

డాలియా, మెట్టతామర, చేమ మొక్కల ఆకులు మొదటి ఫ్రాస్ట్‌కు నల్లబడ్డాక కాడను ఆరు అంగుళాలు ఉంచి కోసి, చుట్టూ అడుగు ఎడంగా గడ్డపార దించి దుంప తెగకుండా పైకి లేపాలి. మట్టి దులిపి, నీడలో కొద్ది రోజులు ఆరబెట్టి, కొద్దిగా తడిపిన పీట్‌లో గానీ వర్మిక్యులైట్‌లో గానీ పెట్టి 40 నుంచి 50 డిగ్రీల చోట దాచాలి. చేమకు మాత్రం అంతకన్నా కాస్త వెచ్చని చోటు ఇవ్వాలి. నెలకోసారి తీసి చూసి, మెత్తబడినది ఉంటే పారేయాలి.

పసుపు కుండీలో ఉంటే తవ్వనక్కర్లేదు. ఆకులు పండి వాలిపోగానే నీళ్ళు ఆపి, కుండీని అలాగే 55 డిగ్రీలకు తగ్గని మూలలో పెట్టి, మార్చి వరకు మరచిపోవచ్చు.

7. తరచుగా ఎదురయ్యే చిక్కులు, సవరణలు

కుండీ చుట్టూ చిన్న నల్ల దోమలు లేస్తున్నాయి: మట్టి తడి ఎక్కువైంది. పైన రెండు అంగుళాలు ఆరేదాకా నీళ్ళు ఆపి, పసుపు జిగురు అట్టలు గుచ్చండి. తగ్గకపోతే దోమ పిల్లలను చంపే బీటీఐ గుళికలను నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పోయండి.

ఆకు కొనలు గోధుమ రంగులో ఎండుతున్నాయి: హీటర్ గాలి పొడిదనం. గులకరాళ్ళు, నీళ్ళు పోసిన పళ్ళెం మీద కుండీ పెట్టండి. కుండీ అడుగు నీటికి తగలకూడదు.

ఆకులు వాలిపోయాయి గానీ మట్టి తడిగానే ఉంది: వేరు కుళ్ళు మొదలైంది. మొక్కను కుండీ నుంచి తీసి, మెత్తని వేళ్ళు కోసేసి, పర్లైట్ (నీరు నిలవనివ్వని తేలికైన తెల్ల గుళికలు) బాగా కలిపిన కొత్త మిశ్రమంలో, వీలైతే చిన్న కుండీలో నాటండి. కుండీ మార్చడం వసంతంలోనే అన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

జనవరిలో నాలుగు వెచ్చని రోజులు వచ్చాయి: లావెండర్ మీది పైన్ కొమ్మలు తీయవద్దు, గులాబీ గుట్ట కదపవద్దు. గరాజ్ మొక్కలకు అదనపు నీళ్ళు పోయవద్దు.

8. మళ్ళీ బయటికి

గులాబీ మట్టిగుట్టలను, పైన్ కొమ్మలను ఏప్రిల్ మొదట్లో, మబ్బు పట్టిన రోజు చూసి, రెండు మూడు విడతలుగా తొలగించండి. ఇంట్లోని కుండీల విషయంలో మాత్రం రాత్రులు వరుసగా వారం పాటు 50 డిగ్రీల పైన ఉండేవరకు ఆగాలి. ఇక్కడివారు మే రెండవ ఆదివారం వచ్చే మదర్స్ డేను గుర్తుగా పెట్టుకుంటారు.

☐ 1 నుంచి 3 రోజులు: పూర్తి నీడలో రెండు గంటలు, తరువాత లోపలికి
☐ 4 నుంచి 6 రోజులు: ఉదయపు ఎండ గంట, మిగతా పగలు నీడ
☐ 7 నుంచి 10 రోజులు: ఎండను రోజుకు గంట చొప్పున పెంచడం, రాత్రి 50 దాటితే బయటే
☐ పదో రోజు తరువాత: కుండీ మార్పు, మొదటి ఎరువు

ఈ పది రోజులూ పాటించకుండా కరివేపాకును నేరుగా ఎండలో పెడితే లేత ఆకులు ఒక్క మధ్యాహ్నంలోనే తెల్లబారి కాలిపోతాయి. అలా జరిగితే కాలిన ఆకులు వెంటనే తుంచవద్దు. కుండీని నీడకు మార్చి, కొత్త చిగురు వచ్చాక తీయండి. మే నెల ఆఖరి వరకు ఒక పాత దుప్పటిని పెరటి తలుపు దగ్గరే ఉంచుకుని, రాత్రికి 40 డిగ్రీలని సూచన కనబడితే కుండీలను గోడ దగ్గరికి చేర్చి సాయంత్రమే కప్పి, పొద్దున ఎనిమిదింటికల్లా తీసేయండి.